కొండ మెట్లకు ముందు ఇంటి మెట్టు

చిత్తూరు నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఈ వారం నా ముందుంది. పేరు వేయవద్దన్నారు కనుక వేయడం లేదు. వయసు యాభై ఎనిమిది. కూతురికి కాన్పు కష్టమైనప్పుడు, తల్లీబిడ్డా క్షేమంగా ఇంటికొస్తే కాలినడకన కొండకు వస్తానని మొక్కుకున్నారట. మనవడి మొదటి పుట్టినరోజు కాగానే ఇంటిల్లిపాదీ బయలుదేరారు. అలిపిరిలో కర్పూరం వెలిగించి, మెట్టుకు పసుపు, కుంకుమ పెట్టి ఎక్కడం మొదలుపెట్టారు. మూడు వందల మెట్లయినా కాకముందే గుండె దడదడలాడింది. తొడలు వణికాయి. మోకాలు పట్టేసింది. పక్కనే కూలబడిపోయారు. కొడుకు చెయ్యి పట్టుకుని మెల్లగా కిందికి దించాడు. బస్సులో పోయి దర్శనం చేసుకున్నారు గానీ మనసులో ముల్లు అలాగే ఉండిపోయింది.

"ఇంట్లో అందరూ 'గమ్మునుండుమ్మా, ఈ వయసులో నీకు నడకెందుకు?' అంటున్నారు. పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా నేను కూర్చునేదే లేదు. ఇంత పని చేసేదాన్ని ఆ మెట్లెందుకు ఎక్కలేకపోయాను? ఇంక నా వల్ల కాదా?" అని అడిగారు.

అమ్మా, చాలామంది మనసులో ఉన్న మాటే మీరు రాశారు. వైద్యుల సలహా తీసుకుని, ఇంట్లోనే ఓపికగా సాధన చేస్తే ఈ వయసులోనూ కాళ్లకు బలం తిరిగి వస్తుంది. అయితే కొండ దగ్గరికి వెళ్లాక మొదలుపెట్టే పని కాదిది. మూడు నెలల ముందు మన వంటింట్లో మొదలుకావాలి.

ఇంటిపని చాలదా?

మన అమ్మమ్మలు వేరే వ్యాయామం చేశారా? చేయలేదు. కానీ వాళ్ల పని ఎలాంటిది! బావిలో నీళ్లు చేదడం, కడవ చంకనెత్తుకుని నడవడం, తిరగలి విసరడం, రోకటి పోటు, కింద కూర్చుని లేవడం రోజుకు ఎన్నిసార్లో లెక్కలేదు. ఇప్పుడు నీళ్లు కుళాయిలో వస్తున్నాయి. పిండి గ్రైండరు రుబ్బుతోంది. బట్టలు మెషిన్ ఉతుకుతోంది. మంచిదే, ఆ కష్టం మళ్లీ రావాలని ఎవరూ కోరుకోరు. కానీ పనిలో నుంచి బరువు పోయింది, అలసట మాత్రం మిగిలింది. గట్టు ముందు గంటలకొద్దీ నిలబడితే నడుము లాగుతుంది, కాళ్లు వాస్తాయి. తొడ కండకు మాత్రం బలం రాదు. ఊపిరి కొంచెం వేగంగా ఆడేటట్టు, కండ కాస్త శ్రమపడేటట్టు చేస్తేనే ఒంటికి లాభం.

దీనికి తోడు వయసు తన పని తాను చేస్తుంది. ముప్పై దాటాక పదేళ్లకొకసారి లెక్క వేస్తే నూటికి మూడు నుంచి ఎనిమిది వంతుల దాకా కండ తగ్గిపోతుందని వైద్యులు చెబుతారు. అరవై దాటాక ఇంకా వేగంగా తగ్గుతుంది. ముట్లు ఆగిపోయిన తర్వాత ఆడవాళ్ల ఎముకల్లో పటుత్వం కూడా పడిపోతుంది. బచ్చలింట్లో కాలు జారితే తుంటి విరగడం అందుకే. కొండెక్కడం మాట అటుంచండి. నేలమీద నుంచి చెయ్యి ఊనకుండా లేవగలగడం, బస్సు మెట్టు ఎక్కగలగడం, ఒకరి సాయం లేకుండా స్నానానికి వెళ్లగలగడం, ఇవన్నీ తొడల్లో ఉన్న బలం మీదే ఆధారపడి ఉంటాయి.

తొంభైలోనూ కండ వస్తుంది

పోయిన బలం తిరిగి వస్తుందా అంటే వస్తుంది. 1990లో అమెరికాలోని బోస్టన్ దగ్గర ఒక వృద్ధాశ్రమంలో వైద్యులు పరీక్ష చేసి చూశారు. అక్కడున్నవారి వయసు 86 నుంచి 96 ఏళ్లు. ఎనిమిది వారాలు కాళ్లతో బరువులెత్తే సాధన చేయించారు. సాధన పూర్తిచేసినవారి కాళ్ల బలం సగటున రెట్టింపుకు మించి పెరిగింది. ఇద్దరైతే చేతికర్ర పక్కన పెట్టేశారు. తొంభైలో సాధ్యమైంది యాభై ఎనిమిదిలో సాధ్యం కాదా?

మెట్ల సంగతికి వస్తే ఇంకో కథ ఉంది. లండన్‌లో రెండంతస్తుల బస్సులుండేవి. డ్రైవరు రోజంతా కూర్చునేవాడు. కండక్టరు టిక్కెట్ల కోసం పైకీ కిందికీ తిరిగి రోజుకు 500 నుంచి 750 మెట్లు ఎక్కేవాడు. జెర్రీ మోరిస్ అనే వైద్యుడు ఇద్దరినీ పోల్చి, కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా వస్తోందని 1953లో ప్రకటించారు. ఇద్దరూ ఒకే బస్సులో తిరిగేవాళ్లే, పనిలో పెద్ద తేడా మెట్లలో ఉందన్నమాట. ఆ మోరిస్‌గారు కూడా వ్యాయామం మానకుండా 99 ఏళ్లు బతికారు.

అంతదూరం ఎందుకు? మన వాయల్పాడు దగ్గరి తరిగొండలో పుట్టిన వెంగమాంబ 1730 నుంచి 1817 దాకా జీవించింది. చిన్ననాడే భర్తను పోగొట్టుకుని, లోకుల మాటలు పడి, చివరికి తిరుమల కొండనే ఇల్లు చేసుకుంది. రాజయోగం మీద ద్విపద కావ్యం రాసింది. ఇప్పుడు కొండమీద అన్నప్రసాదం తినే ఎంతోమంది ఆ తల్లి పేరున్న భవనంలో విస్తరి ముందు కూర్చుంటున్నారు. "ఆడదానికి యోగమేమిటి?" అనే రోజుల్లో ఆమె ఆగలేదు. "ఈ వయసులో వ్యాయామమేమిటి?" అనే మాటకు మనమూ ఆగనక్కర్లేదు.

మీ బలం ఎంతో మీరే చూసుకోండి

చేతులు లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి వేసుకోండి. ప్లాస్టిక్ కుర్చీ వద్దు, జారుతుంది. చేతులు రెండూ ఎదురొమ్ము మీద కట్టుకుని కూర్చోండి. పక్కన ఒకరిని గడియారం పట్టుకోమనండి. అర నిమిషంలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. 60 నుంచి 64 ఏళ్ల మధ్య ఆడవాళ్లు 12 సార్లయినా లేవగలగాలి. 70 నుంచి 79 ఏళ్లవాళ్లకు 10 సార్లు. అంతకంటే తగ్గితే కాళ్లు బలహీనపడ్డాయని అర్థం. భయపడవద్దు, లెక్కను కాలెండరు మీద రాసిపెట్టుకోండి. నెల తర్వాత మళ్లీ చూసుకుంటే మీకే ఉత్సాహం వస్తుంది.

వంటింట్లో అయిదు సాధనలు

వీటికి ప్రత్యేకంగా సమయం అక్కర్లేదు. వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు చేస్తే చాలు.

1. లేచి కూర్చోవడం: పైన చెప్పిన కుర్చీ మీదే. మొదట 5 సార్లు. కాస్త ఆగి ఇంకో 5 సార్లు. చేతుల ఊతం కావాలంటే మొదట్లో తీసుకోండి, తప్పులేదు. కూర్చునేటప్పుడు దభీమని పడకుండా మెల్లగా దిగాలి. అసలు బలం ఆ దిగడంలోనే వస్తుంది.

2. మడమలెత్తడం: గట్టు పట్టుకుని మునివేళ్ల మీద లేవండి, మూడు లెక్కపెట్టి దిగండి. 10 సార్లు. పాలు పొంగేలోపు అయిపోతుంది.

3. ఒంటికాలి నిలుపు: గట్టు మీద చెయ్యి ఉంచి, ఒక కాలెత్తి పది లెక్కపెట్టేదాకా నిలబడండి. తర్వాత రెండో కాలు. పడిపోకుండా కాపాడే సాధన ఇది. కింద తడి లేకుండా చూసుకోండి. పొయ్యి పక్కన మాత్రం చేయకండి.

4. గోడను తోయడం: గోడకు మూరెడు దూరంలో నిలబడి, అరచేతులు గోడకు ఆనించి, మోచేతులు వంచి ముందుకు వంగి మళ్లీ వెనక్కి రండి. 8 నుంచి 10 సార్లు. చేతులకూ భుజాలకూ బలం.

5. మెట్టు ఎక్కి దిగడం: వాకిటి మెట్టు చాలు. గోడో, కమ్మీయో పట్టుకుని కుడికాలితో ఎక్కి దిగండి, 5 సార్లు. తర్వాత ఎడమకాలితో. మోకాలు పాదం వేళ్లకు సూటిగా ఉండాలి, లోపలికి వాలకూడదు.

ఎంత నడవాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క ప్రకారం పెద్దవాళ్లకు వారానికి 150 నిమిషాలయినా ఒక మాదిరి వేగంతో నడక కావాలి. అంటే అయిదు రోజులు, రోజుకు అరగంట. ఒకేసారి కుదరకపోతే పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు. కండల సాధన వారానికి రెండు రోజులకు తగ్గకూడదు. 65 దాటినవాళ్లు ఒంటి నిలుపు సాధన కూడా వారానికి మూడు రోజులు చేయాలి. మన అయిదు సాధనల్లో ఈ రెండూ వచ్చాయి.

వేగం సరిపోయిందో లేదో ఎలా తెలుసుకోవాలి? నడుస్తూ పక్కనున్నవారితో మాట్లాడగలగాలి, కానీ పాట పాడేంత తీరిక ఉండకూడదు. కొండ దారిలో అయితే ఇంకా సులువు. "గోవిందా" అని గొంతెత్తి పలకగలుగుతుంటే మీ వేగం సరైనదే. నామం మధ్యలో తెగిపోతుంటే ఆగి నిలబడండి.

తిరుపతివాళ్లకు విశ్వవిద్యాలయం ఆవరణలో చెట్ల నీడ ఉంది, ప్రకాశం పార్కు ఉంది, గోవిందరాజస్వామి గుడి చుట్టూ మాడవీధులున్నాయి. తిరుచానూరువాళ్లకు అమ్మవారి మాడవీధులు. మిగతా ఊళ్లలో బడి మైదానమో, గుడి ప్రాకారమో ఉంటుంది. మన ఎండల సంగతి తెలిసిందే, వేసవిలో ఏడు లోపు ఇంటికి చేరుకోండి.

చీరమీద బూట్లేమిటని నవ్వుతారని చాలామంది వెనకాడతారు. చెప్పులు జారి పడితే ఆ నవ్వినవాళ్లు వచ్చి మంచం దగ్గర కూర్చోరు కదా! కాలికి పట్టే కాన్వాస్ బూట్లు వేసుకోండి, చీర చీలమండ పైకి కట్టుకోండి. పక్కింటావిడను తోడు పిలవండి. ఇద్దరుంటే సిగ్గు సగం పోతుంది.

మోకాళ్ల నొప్పులున్నవారికి

అలిపిరి దాటాక కనిపించే తలయేరు గుండుకు తల, మోకాళ్లు ఆనించి మొక్కితే దారిలో నొప్పులు రావని పెద్దల నమ్మకం. అంటే మోకాళ్ల బాధ ఈనాటిది కాదు! నొప్పి ఉంది గదా అని కాలు కదపకుండా కూర్చుంటే తొడ కండ ఇంకా చిక్కిపోతుంది, ఆ బరువంతా కీలు మీదే పడి నొప్పి పెరుగుతుంది. అందుకే నొప్పి ఉన్నవాళ్లకే సాధన ఎక్కువ అవసరం.

మంచం మీద కాళ్లు చాపి కూర్చోండి. తువ్వాలును చుట్టలా చుట్టి మోకాలి కింద పెట్టండి. మోకాలితో ఆ చుట్టను కిందికి నొక్కి, తొడ బిగించి, అయిదు లెక్కపెట్టి వదలండి. ఒక్కో కాలికి 10 సార్లు, పొద్దున, రాత్రి. రెండు వారాలయ్యాక కుర్చీ సాధన మొదలుపెట్టవచ్చు. చేసేటప్పుడు కొంచెం నొప్పి ఉండి, మర్నాటికి తగ్గిపోతే పరవాలేదు. మర్నాటికి పెరిగినా, కీలు వాచి వేడిగా ఉన్నా, మోకాలు ఉన్నట్టుండి మడతపడిపోతున్నా ఆపేసి డాక్టరుకు చూపించండి. రుయా, స్విమ్స్, బర్డ్ వంటి ఆసుపత్రులు తిరుపతిలోనే ఉండగా ఇరుగుపొరుగు చెప్పిన మాత్రలు మింగడం ఎందుకు? నొప్పి మాత్రలు ఎక్కువైతే కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి.

చెప్పుకోలేని సంగతి

నడకకు రండమ్మా అంటే కొందరు ఏదో సాకు చెప్పి తప్పించుకుంటారు. అసలు కారణం దగ్గినా, మెట్టెక్కినా మూత్రం చుక్కలు పడటం. ఎక్కువ కాన్పులైనవారికీ, ముట్లు ఆగినవారికీ ఇది చాలా మామూలు. మూత్రాన్ని మధ్యలో ఆపుకునేటప్పుడు ఏ కండను బిగిస్తామో, ఆ కండను కూర్చుని ఉన్నప్పుడు బిగించి, అయిదు లెక్కపెట్టి వదలండి. ఊపిరి బిగపట్టకూడదు. పదిసార్లు చొప్పున రోజుకు మూడు పూటలు. మూత్రం పోసుకుంటూ మాత్రం ఈ సాధన చేయకండి. గుణం కనిపించడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అప్పటికీ తగ్గకపోతే లేడీ డాక్టరును కలవండి. చీర తడుస్తుందనే భయంతో నీళ్లు తాగడం మానుకోవద్దు.

మూడు నెలల లెక్క

మొదటి రెండు వారాలు: రోజుకు 10 నుంచి 15 నిమిషాల నడక. అయిదు సాధనలు తక్కువ సంఖ్యలో.

మూడు, నాలుగు వారాలు: నడక 20 నిమిషాలు. కుర్చీ సాధన 8 సార్ల చొప్పున రెండు విడతలు.

రెండో నెల: నడక అరగంట. మెట్టు సాధన ఒక్కో కాలికి 10 సార్లు. మిద్దె మెట్లు రోజుకు రెండుసార్లు ఎక్కండి.

మూడో నెల: మిద్దె మెట్లు ఆగి ఆగి అయిదారు సార్లు. వారానికొకసారి గంటసేపు నడక. వీలైతే శ్రీకాళహస్తి వెళ్లి కన్నప్ప కొండ మెట్లు ఎక్కి చూడండి. అక్కడ తేలిగ్గా ఎక్కితే ధైర్యం వస్తుంది.

జ్వరమో, పండగో, ఇంట్లో శుభకార్యమో వచ్చి వారం తప్పితే దిగులు పడవద్దు. ఒక వారం వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెట్టండి.

కొండెక్కే ముందు

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. 60 దాటినవాళ్లు, బి.పి., షుగరు, ఉబ్బసం, మూర్ఛ, కీళ్ల జబ్బులు ఉన్నవాళ్లు, గుండెజబ్బు, స్థూలకాయం ఉన్నవాళ్లు కాలినడకన రావడం మంచిది కాదని తిరుమల తిరుపతి దేవస్థానం 2024లో సూచించింది. కనుక ఈ జబ్బుల్లో ఏది ఉన్నా డాక్టరు చూసి సరేనన్నాకే మెట్లు ఎక్కండి. వద్దంటే వద్దు. బస్సులో వెళ్లినా స్వామి దర్శనమిస్తాడు. సాధన మాత్రం మానకండి, అది ఇంట్లో మీ కాళ్ల మీద మీరు నిలబడటానికి.

అలిపిరి దారిలో 3550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు. శ్రీవారి మెట్టు దారిలో 2388 మెట్లు, రెండు కిలోమీటర్ల పైచిలుకు. దగ్గర కదా అని మొదటిసారే శ్రీవారి మెట్టుకు వెళ్లకండి, ఏటవాలు ఎక్కువ. అలిపిరి దారిలో గాలిగోపురం దాకా కష్టం, తర్వాత చాలా దూరం చదునుగా ఉండి ఒంటికి విశ్రాంతి దొరుకుతుంది. చివర్లో మోకాళ్ల మెట్టు నిటారుగా వస్తుంది, దానికి కొంత ఓపిక మిగుల్చుకోవాలి. అన్నమయ్య అంతటివాడే చిన్ననాడు ఆకలితో ఈ దారిలో సొమ్మసిల్లితే, అలమేలుమంగమ్మ ముసలమ్మ రూపంలో వచ్చి ప్రసాదం పెట్టిందని కథ.

అందుకే ఖాళీ కడుపుతో ఎక్కవద్దు. మొక్కు కదా అని షుగరు మాత్ర వేసుకుని ఉపవాసం ఉంటే దారిలో చెమటలు పట్టి కళ్లు తిరిగి పడిపోతారు. ఎక్కడానికి గంటన్నర ముందు రెండు ఇడ్లీలో, కాసింత ఉప్మావో తినండి. కొంగున బెల్లం ముక్క కట్టుకోండి. షుగరు వల్ల పాదాలు మొద్దుబారినవాళ్లకు బండ కాలినా తెలియదు, నూలు మేజోళ్లు వేసుకుని, పైకి చేరాక అరికాళ్లు చూసుకోండి. తెల్లవారగానే బయలుదేరండి. యాభై మెట్లకోసారి నిలబడండి. ఎదలో బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, విపరీతమైన నీరసం, వికారం కనిపిస్తే "గ్యాసు" అని సోడా తాగి ముందుకు వెళ్లవద్దు. ఆడవాళ్లలో గుండెపోటు ఇలా కూడా వస్తుంది. వెంటనే కూర్చుని, పక్కవాళ్లను పిలిచి ప్రథమ చికిత్స కేంద్రానికి చేరండి.

దిగేటప్పుడు మాత్రం బస్సే. మెట్లు దిగుతుంటే ఒక్కో అడుగుకు మోకాలి మీద ఒంటి బరువుకు మూడింతలకు పైగా భారం పడుతుంది.

తిండి సంగతి

కండకు సాధనతో పాటు మాంసకృత్తులు కావాలి. అందరికీ పెట్టి, చివర్లో మిగిలిన చారన్నంతో సరిపెట్టుకునే అలవాటు మానండి. పప్పు, పెరుగు, తినేవాళ్లయితే గుడ్డు మీ కంచంలోనూ ఉండాలి. మన రాగి సంగటి, శెనక్కాయల ఊరిబిండి, ఉలవ గుగ్గిళ్లు ఎముకకూ కండకూ మంచి తిండి. వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది.

నడిచి వచ్చాక తాగడానికి రాగి అంబలి: మూడు చెంచాల రాగిపిండిని గ్లాసు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలపండి. రెండు గ్లాసుల నీళ్లు మరిగించి, ఈ పిండి నీళ్లు పోసి, సన్నసెగ మీద కలుపుతూ ఏడెనిమిది నిమిషాలు ఉడికించండి. బాగా చల్లారాక గ్లాసు చిక్కటి మజ్జిగ, సన్నగా తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిరప, కరివేపాకు, చిటికెడు ఉప్పు వేయండి. ఇద్దరికి సరిపోతుంది. బి.పి. ఉన్నవాళ్లు ఉప్పు బదులు నిమ్మరసం పిండుకోండి.

ఉత్తరం రాసిన సోదరీ! ముందు డాక్టరు దగ్గరికి వెళ్లి బి.పి., షుగరు, గుండె చూపించుకోండి. ఆ రోజు దడ ఎందుకు వచ్చిందో తేలాలి. వారు సరేనంటే సోమవారమే కుర్చీని గోడకు ఆనించండి. మొదటిరోజు అర నిమిషంలో ఎన్నిసార్లు లేవగలిగారో, నెల తిరిగాక ఎన్నిసార్లో నాకు రాయండి. మనవడు ఇప్పుడు తప్పటడుగులు వేస్తుంటాడు కదా, వాడి వెనకాల పరుగెత్తడానికైనా ఈ సాధన పనికొస్తుంది. తక్కినవాళ్లు కూడా మీ లెక్కలు పంపండి. వచ్చే వారం నడుము నొప్పి గురించి మాట్లాడుకుందాం.